కెమెరా పరీక్ష సరే, సీసాలో కండ పడిందా? గోదావరి జిల్లాల్లో మూత్రాశయం క్యాన్సర్ పరీక్షలపై సమీక్ష

రాజమండ్రి, కాకినాడ, భీమవరం, ఏలూరు, అమలాపురం. ఈ ఊళ్ళలో ఎక్కడికెళ్ళినా ఇప్పుడు యూరాలజీ బోర్డు కనిపిస్తుంది. మూత్రాశయంలోకి కెమెరా పంపి చూడడం, గడ్డ కనిపిస్తే తీసి ముక్క పరీక్షకు పంపడం మన జిల్లాల్లోనే జరిగిపోతోంది. ఈ సమీక్ష ఏ ఒక్క ఆసుపత్రి గురించో కాదు. స్కానింగ్ బల్ల దగ్గర మొదలై ముక్క రిపోర్టు చేతికొచ్చేదాకా సాగే సేవ మొత్తం గురించి.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. లోపలికి చూడడం వరకు మన దగ్గర పని బాగుంది. గడ్డ తీయడం తీసే చేతిని బట్టి ఉంటుంది. తీసిన ముక్క సీసాలో పడి, ల్యాబుకు చేరి, రిపోర్టుగా తిరిగొచ్చే దారి మాత్రం ఒక చోటికీ ఇంకో చోటికీ పొంతన లేకుండా ఉంటుంది. రోగి తరఫువాళ్ళు కన్నేసి ఉంచాల్సింది అక్కడే. జనం మాత్రం ఆసుపత్రి బిల్డింగు చూస్తారు, డాక్టరుగారి పేరు చూస్తారు, జబ్బు లోతు తేల్చే కండ పడిందా అని సీసా వంక చూడరు.

మూత్రం ఎర్రగా పడిందనగానే మన ఇళ్ళలో ముందొచ్చే మాట "వేడి చేసిందిలే". ఎండాకాలం చేలగట్ల మీద, చేపల చెరువుల దగ్గర పొద్దస్తమానం నిలబడే మనిషికి మూత్రం ముదురు రంగులో రావడం మామూలే కాబట్టి ఆ మాట నమ్మబుద్ధేస్తుంది. సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, రెండు కొబ్బరి బొండాలు. మూడో రోజుకి తేటపడుతుంది, తగ్గిపోయిందనుకుంటారు. కానీ మూత్రాశయం క్యాన్సర్‌లో రక్తం తీరే అంత. నొప్పి లేకుండా వస్తుంది, దానంతటదే ఆగుతుంది, కొన్ని వారాలకో నెలలకో మళ్ళీ వస్తుంది. బొండాం తాగినా తాగకపోయినా ఆ మూడు రోజులకి ఆగేదే. కంటికి కనబడేలా ఒక్కసారి ఎర్రగా పడినా, కల్చర్‌లో ఇన్‌ఫెక్షన్ అని తేలకపోతే కెమెరా పరీక్ష దాకా వెళ్ళాలి. కంటికి కనబడకుండా, ల్యాబ్ రిపోర్టులో మాత్రమే మైక్రోస్కోప్ కింద ఒక ఫీల్డుకి 3 లేదా అంతకంటే ఎక్కువ ఎర్ర కణాలు ఉన్నాయని వస్తే, వయసు, పొగ అలవాటు చూసి డాక్టరు నిర్ణయిస్తారు. "గుండెకి ఆస్పిరిన్ వాడుతున్నాను కదండీ, అందుకే రక్తం" అని ఊరుకోకూడదు. ఆ మందు ఉన్న పుండుని కారేలా చేస్తుంది గానీ లేని పుండుని పుట్టించదు.

ఆడవాళ్ళ విషయంలో ఆలస్యం ఇంకా ఎక్కువ. ఎర్రగా పడిందంటే మూత్రం ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్ రాస్తారు, తగ్గినట్టుంటుంది, మళ్ళీ వస్తే మళ్ళీ అదే చీటీ. ఈ జబ్బు మగవాళ్ళలో మూడు నాలుగు రెట్లు ఎక్కువన్న మాట నిజమే. దాన్ని పట్టుకుని ఆడవాళ్ళకి రాదనుకోవడం తప్పు. రెండోసారి కోర్సు రాసేటప్పుడు కల్చర్ రిపోర్టులో క్రిమి పెరిగిందా లేదా అని అడగండి. క్రిమి లేదు, రక్తం ఉంది అంటే యూరాలజిస్టు దగ్గరికే.

ఇక పొగ. ఈ క్యాన్సర్‌కి అన్నిటికన్నా పెద్ద కారణం అదే. దాదాపు సగం కేసుల వెనక పొగాకే ఉంటుంది. గోదావరి లంకల్లో పండే లంక పొగాకు చుట్టకి పెట్టింది పేరు. చుట్ట ఊపిరితిత్తుల్లోకి పీల్చం కదా, మూత్రాశయానికేం సంబంధం అని అడుగుతారు. పొగలోని ఆరోమాటిక్ ఎమీన్లు అనే క్యాన్సర్ కారకాలు నోటి నుంచి అయినా, ఊపిరి నుంచి అయినా రక్తంలో కలుస్తాయి. కిడ్నీలు వాటిని వడగట్టి మూత్రంలోకి పంపుతాయి. ఆ మూత్రం గంటల తరబడి నిలవుండేది మూత్రాశయంలోనే. ఓపీలో చుట్ట, బీడీ, సిగరెట్ లెక్క అడగకపోతే మీరే చెప్పండి.

మొదటి మెట్టు అల్ట్రాసౌండ్. చవక, ఊరూరా ఉంది. కానీ మూత్రాశయం నిండి ఉంటేనే పనికొస్తుంది. గంట ముందు లీటరు దాకా నీళ్ళు తాగి, ఒంటేలుకి వెళ్ళకుండా ఉండాలి. సగం నిండిన మూత్రాశయంలో గోడ మడతలే గడ్డల్లా కనిపిస్తాయి, అసలు గడ్డ మడతలో దాక్కుంటుంది. గడ్డకట్టిన రక్తం కూడా తెరమీద గడ్డలాగే ఉంటుంది. మంచి సోనాలజిస్టు అప్పుడు రోగిని పక్కకి ఒత్తిగిలమంటారు. రక్తం గడ్డయితే జారుతుంది, గోడకి పుట్టిన గడ్డయితే కదలదు. మగవాళ్ళలో ప్రోస్టేట్ మధ్య భాగం లోపలికి పొడుచుకొచ్చి కూడా మోసం చేస్తుంది. స్కానింగులో ఏమీ లేదన్నంత మాత్రాన కెమెరా పరీక్ష మానేయకూడదు. అయిదు మిల్లీమీటర్ల లోపు గడ్డలూ, గోడకి పూతలా పరుచుకునే సీఐఎస్ అనే రకమూ స్కానింగుకి దొరక్కపోవచ్చు. రిపోర్టులో కిడ్నీ వాచి ఉందని కూడా రాసి ఉంటే ఆ మాట డాక్టరుగారికి గుర్తుచేయండి. గడ్డ మూత్రనాళం మూతిని మూసేసి ఉండొచ్చు, అలాగైతే లోతుగా పాకి ఉండే అవకాశం ఎక్కువ.

మూత్రంలో క్యాన్సర్ కణాల పరీక్షని సైటాలజీ అంటారు. ముదురు రకాన్ని (హై గ్రేడ్), సీఐఎస్‌ని బాగా పట్టుకుంటుంది, లేత రకాన్ని (లో గ్రేడ్) చాలాసార్లు వదిలేస్తుంది. మన దగ్గర ఇందులో జరిగే తప్పు ఒకటుంది. పొద్దున్నే మొదటి మూత్రం పట్టి పంపిస్తారు. మామూలు మూత్ర పరీక్షకి అదే పద్ధతి కదాని అలవాటు. కానీ రాత్రంతా మూత్రంలో నానిన కణాలు చితికిపోయి చూడ్డానికి పనికిరావు. రెండోసారి వెళ్ళిన మూత్రం ఇవ్వాలి, వీలైతే మూడు వేర్వేరు రోజులు. ల్యాబు పక్కనే ఉంటే వెంటనే ఇవ్వడం, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టడం. సీసా రాజోలు నుంచో నరసాపురం నుంచో బస్సులో సిటీ ల్యాబుకి పోవాలంటే, సమపాళ్ళలో 50 శాతం ఆల్కహాల్ కలిపిన సీసా ల్యాబు నుంచే ముందు తెచ్చుకోవాలి. మే నెలలో ఉత్త సీసా ఆరు గంటలు బస్సులో తిరిగితే ఆ రిపోర్టు రాసిన కాగితం ఖరీదు కూడా చేయదు. సైటాలజీ నెగెటివ్ వచ్చిందని సంతోషించి కెమెరా పరీక్ష ఆపేయడం ఇంకో తప్పు.

ఇప్పుడు సిస్టోస్కోపీ. జర్మనీ వైద్యుడు మాక్సిమిలియన్ నిట్జే 1877లో మొదటి పరికరం తయారుచేసినప్పుడు వెలుగుకి తెల్లగా కాలే ప్లాటినం తీగని నీళ్ళతో చల్లబరుస్తూ లోపలికి పంపేవారు. ఇప్పుడు ఎల్‌ఈడీ వెలుగు, తెరమీద బొమ్మ. రెండు రకాల పరికరాలు. వంగేది సుమారు 16 ఫ్రెంచ్, అంటే అయిదు మిల్లీమీటర్ల పైచిలుకు లావు. వంగని ఉక్కు గొట్టం 17 నుంచి 22 ఫ్రెంచ్ దాకా. మగవాళ్ళ మూత్రమార్గం సుమారు 20 సెంటీమీటర్లు, పైగా వంపులు తిరిగి ఉంటుంది, అందుకే వాళ్ళకి వంగేదే సుఖం. ఆడవాళ్ళకి నాలుగు సెంటీమీటర్లే, తిన్నగా ఉంటుంది, ఉక్కు గొట్టమైనా పెద్దగా ఇబ్బంది ఉండదు. మగ రోగికి మత్తు లేకుండా ఓపీలోనే చేస్తామంటే "వంగే స్కోప్ ఉందాండీ" అని అడగడంలో తప్పులేదు. లేదంటే, ఉక్కు గొట్టంతోనే చేయాలంటే, కాస్త మత్తు ఇవ్వమనండి.

స్కోప్ పెట్టకముందు తిమ్మిరికి వాడే జెల్లీ దగ్గరే చాలామంది బాధపడతారు. 2 శాతం లిడోకైన్ జెల్లీ 10 నుంచి 20 మిల్లీలీటర్లు మెల్లగా ఎక్కించి, బయట నుంచి నొక్కి పట్టి, కనీసం అయిదు నిమిషాలు, వీలైతే పది నిమిషాలు ఆగాలి. ఓపీ రద్దీలో జెల్లీ పెట్టిన అర నిమిషానికే స్కోప్ దూర్చేస్తే అది జారడానికి నూనెలా పనికొస్తుందే గానీ తిమ్మిరి ఎక్కదు. "జెల్లీ పనిచేసేదాకా కాసేపు ఆగుదామాండీ" అన్న ఒక్క మాట సగం నొప్పి తగ్గిస్తుంది. స్కోప్ లోపలికి వెళ్ళేటప్పుడు బిగబట్టకుండా, ఒంటేలుకి వెళ్తున్నట్టు వదులుగా ఉంటే ఆ బిగుసుకునే కండరం దారిస్తుంది.

లోపల చూసే పనికి ఒక వరస ఉంది. మూత్రమార్గం, ప్రోస్టేట్, మూత్రాశయం మెడ, దాని వెనక ముక్కోణపు జాగా, రెండు మూత్రనాళాల మూతులు, వెనక గోడ, రెండు పక్క గోడలు, పైకప్పు. సెలైన్‌తో మూత్రాశయం నింపుతూ చూస్తారు. మరీ తక్కువ నింపితే మడతలు విప్పుకోవు, మరీ ఎక్కువైతే పైపొర సాగి సన్న రక్తనాళాలు చిట్లి అసలు మచ్చలేవో తెలియవు. పైకప్పు మీద ఒక గాలిబుడగ తేలుతూ ఉంటుంది. డాక్టర్లకి అదే గుర్తు, ఆ బుడగ కనబడిందంటే కప్పు దాకా చూశారని. ముందు గోడ చూడడానికి బొడ్డు కింద చేత్తో నొక్కుతారు. మెడ లోపలి అంచు దాగుడుమూతల చోటు. వంగే స్కోప్‌ని వెనక్కి మడిచో, ఉక్కు స్కోప్‌లో 30 డిగ్రీల కటకం తీసి 70 డిగ్రీలది వేసో చూడాలి. 70 డిగ్రీల కటకం అసలు బయటికి తీయని పరీక్ష మూడు వంతులే చూసిన పరీక్ష.

తెరమీద గడ్డ ఎలా ఉంటుందంటే, కాలవ అడుగున రాయికి పట్టిన పాచి నీళ్ళతో పాటు ఊగినట్టు, సన్నని కాడ మీద లేత గులాబీ రంగు పోగులు పోగులుగా ఊగుతుంది. ఒక్కో పోగు లోపల ఎర్రటి నాళం దారంలా కనిపిస్తుంది. ఇలా ఊగేవి ఎక్కువగా పైపైనే ఉండే రకం. కాడ లేకుండా, ముద్దగా, మీద తెల్లటి చచ్చిన పొర పట్టి, ముట్టుకుంటే రక్తం కారేదాన్ని చూస్తే డాక్టరుగారి మొహం మారుతుంది. అది లోతుకి దిగినదై ఉండొచ్చు. సీఐఎస్ ఊగదు, గడ్డలా పైకి లేవదు, గోడమీద ఎర్రటి మఖమల్ గుడ్డ ముక్క అతికించినట్టు ఉంటుంది. ఇన్‌ఫెక్షన్‌తో కందిన గోడా అలాగే ఉంటుంది, క్షయ పట్టిన మూత్రాశయమూ అలాగే ఉంటుంది, నాలుగు రోజులు క్యాథెటర్ ఉన్న చోట వాపూ అలాగే ఉంటుంది. అందుకే కన్ను చెప్పేది అనుమానం మాత్రమే. తేల్చేది ముక్క.

మామూలు తెల్ల వెలుగులో తప్పిపోయేవాటిని పట్టడానికి ఎన్‌బీఐ అనే పద్ధతి ఉంది. 415, 540 నానోమీటర్ల వెలుగులో రక్తనాళాలు నల్లగా తేలి గడ్డ అంచు తెలిసిపోతుంది. కొత్త రకం కెమెరా టవరుంటే ఒక బటన్ నొక్కడమే, మందేమీ అక్కర్లేదు. ఉంటే వాడమనండి. లేదని వేరే ఊరు పరుగెత్తాల్సినంత పనీ లేదు, సీఐఎస్ అనుమానం ఉంటే తప్ప. మూత్రంతో క్యాన్సర్ తేల్చేస్తామనే మార్కర్ టెస్టులు కూడా అమ్ముతున్నారు. కెమెరాకి బదులు అవి పనికిరావు. ఆ డబ్బు దాచుకోండి.

పరీక్ష అయ్యాక చేతికి ఏమిచ్చారన్నది మాకు ముఖ్యం. "గడ్డ ఉంది, ఆపరేషన్ చేయాలి" అని చీటీ మీద ఒక్క ముక్క రాసిచ్చే చోటుకి మేం తక్కువ మార్కులే వేస్తాం. మూత్రాశయం బొమ్మ గీసి, గడ్డలు ఎన్ని, ఏ గోడమీద, ఒక్కోటి ఎన్ని సెంటీమీటర్లు, కాడ ఉందా ముద్దగా ఉందా, మిగతా గోడ ఎలా ఉంది, మూత్రనాళాల మూతులు కనబడ్డాయా, ఇవన్నీ ఉండాలి. పెన్‌డ్రైవ్‌లో వీడియో ఇస్తే ఇంకా మంచిది. మూడు నెలల తర్వాత ఇంకో డాక్టరు చూస్తే, కొత్త చోట గడ్డ పుట్టిందా పాత చోటే మళ్ళీ లేచిందా అన్నది ఆ బొమ్మ చూసే చెప్పగలరు.

డబ్బు కలిసొచ్చే సంగతి ఒకటి. స్కానింగులో గడ్డ స్పష్టంగా కనబడితే, విడిగా ఒకసారి కెమెరా పరీక్ష, మళ్ళీ ఇంకోసారి ఆపరేషన్ అని రెండు బిల్లులు అక్కర్లేదు. నేరుగా మత్తిచ్చి, చూసి, అదే సిట్టింగులో గడ్డ తీయొచ్చు. దీన్నే టీయూఆర్‌బీటీ అంటారు. పెద్ద గడ్డ అయితే మాత్రం కత్తి పెట్టకముందే సీటీ గానీ ఎంఆర్‌ఐ గానీ చేయించాలి. తీశాక చేయిస్తే కోసిన చోట వాపు వల్ల జబ్బు లోతు ఎంతో స్కానుకి తెలియదు. సీటీకి ముందు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా, బొమ్మ తేటగా రావడానికి నరంలోకిచ్చే మందు ఎక్కించనివ్వొద్దు.

టీయూఆర్‌బీటీకి నడుముకి మత్తు ఇంజెక్షనో, పూర్తి మత్తో ఇస్తారు. మూత్రం కల్చర్ ముందుగా చూసి, క్రిమి ఉంటే తగ్గించాకే చేయాలి. లేదంటే ఆ రాత్రి చలిజ్వరం ఖాయం. క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్ళు గుండె డాక్టరుని అడక్కుండా ఆపకూడదు, యూరాలజిస్టుకి చెప్పకుండా కొనసాగించకూడదు. మత్తు ఎక్కాక, గొట్టం పెట్టకముందు, డాక్టరు రెండు చేతుల మధ్య మూత్రాశయాన్ని తడిమి చూడాలి. తీశాక మళ్ళీ తడమాలి. తీసినా గట్టిగా ముద్ద తగులుతూ ఉంటే జబ్బు గోడ దాటిందన్న అనుమానం. ఈ రెండు వాక్యాలు ఆపరేషన్ నోట్‌లో ఉన్నాయంటే చేసినవాళ్ళు శ్రద్ధగలవాళ్ళే.

ఇక్కడే ఈ సమీక్షకి ఆయువుపట్టు. కరెంటు తీగ లూపుతో గడ్డని చెక్కుతూ తీస్తారు. ఊగే పైభాగం తీయడం తేలిక. దాని కింద మూత్రాశయం గోడలో ఉండే కండరం కూడా కొంత రావాలి. క్యాన్సర్ పైపొరలోనే ఉంటే టీఏ, దాని కింది పొరలోకి దిగితే టీ1, కండలోకి దిగితే టీ2. టీ1 దాకా అయితే మూత్రాశయం కాపాడుకుంటూ మందులతో నెట్టుకొస్తారు. టీ2 అయితే మూత్రాశయం తీసేయడమో, కీమోతో పాటు రేడియేషనో అన్న పెద్ద మాటలు మొదలవుతాయి. ముక్కలో కండే లేకపోతే, కండలోకి దిగలేదని ఎవరు మాత్రం చెప్పగలరు? అంటే కండ లేని ముక్కకి టీ1 అని వచ్చిన రిపోర్టు ఊరటనిచ్చే రిపోర్టు కాదు, అసంపూర్తి రిపోర్టు. అలాంటప్పుడు రెండు నుంచి ఆరు వారాల్లోపు రెండోసారి టీయూఆర్‌బీటీ చేయాలి. కండ ఉన్నా సరే, టీ1 అయితే చాలావరకు రెండోసారి చేయడమే పద్ధతి. మొదటిసారి తీశాక కూడా గడ్డ మిగిలిపోవడం అరుదు కాదు. "మళ్ళీ డబ్బులు లాగడానికే" అని కుటుంబం కోప్పడే చోటు ఇదే. రెండోసారి చేద్దామన్న డాక్టరు మీ మేలుకే చెబుతున్నాడు. ఒక్క లేత రకం టీఏకి మాత్రం కండ లేకపోయినా ఫరవాలేదు.

కండ ఎందుకు రాదు? గోడకి చిల్లు పడుతుందన్న భయం ఒకటి. పక్క గోడమీద గడ్డయితే తీగలో కరెంటు తొడ నరానికి తగిలి కాలు ఒక్కసారిగా తన్నుతుంది, ఆ కుదుపుకి లూపు గోడ దాటిపోవచ్చు. నడుము మత్తుకి తోడు ఆ నరానికి మత్తివ్వడమో, పూర్తి మత్తులో కండలు సడలించే మందు ఇవ్వడమో చేస్తే ఆ గొడవ తప్పుతుంది. సెలైన్‌లో పనిచేసే బైపోలార్ యంత్రంతో ఈ ఇబ్బంది కొంత తగ్గుతుంది. పాత మోనోపోలార్ యంత్రానికి గ్లైసిన్ ద్రవం వాడాలి. ఎక్కువసేపు సాగితే అది రక్తంలోకి వెళ్ళి సోడియం పడిపోతుంది. పెద్ద గడ్డ ఉన్న పెద్దవయసు మనిషికి చేసేటప్పుడు మీ దగ్గర బైపోలార్ ఉందా అని అడగడం మంచి ప్రశ్న. ఇంకో కారణం కరెంటు మరీ ఎక్కువ పెట్టడం. ముక్క అట్టు మాడినట్టు మాడితే మైక్రోస్కోప్ కింద కణాలన్నీ సాగి నల్లటి చారలైపోతాయి. కండ ఉన్నా లేనట్టే. అందుకే గడ్డ అడుగు నుంచి ఒకటి రెండు ముక్కలు కరెంటు లేని చిమటాతో తీస్తారు, ఎర్రటి మచ్చల్ని కూడా అలాగే. సెంటీమీటరు లోపు గడ్డని ముక్కలు చేయకుండా అడుగు కండతో సహా ఒకే బిళ్ళగా ఎత్తగలిగితే అదే అన్నిటికన్నా మేలు.

"ముక్క తీస్తే పాకిపోతుందటండీ" అన్న భయం కోనసీమ నుంచి కొల్లేరు దాకా వినిపిస్తుంది. మూత్రమార్గం గుండా వెళ్ళి తీస్తే జబ్బు ఒంట్లోకి పాకదు. పొట్టమీద నుంచి సూది గుచ్చి మూత్రాశయం గడ్డ ముక్క తీస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు, సూది దారిలో కణాలు నాటుకునే ప్రమాదం ఉంది. గడ్డ చెక్కేటప్పుడు విడివడి తేలే కణాలు మూత్రాశయంలోనే ఇంకో చోట అంటుకోకుండా, అదే రోజు క్యాన్సర్ కణాల్ని చంపే మైటోమైసిన్ మందు 40 మిల్లీగ్రాములు క్యాథెటర్ గుండా లోపల పోసి గంటో రెండు గంటలో ఉంచుతారు. లేత రకం గడ్డలకి ఇది బాగా పనికొస్తుంది, మళ్ళీ పుట్టడం తగ్గుతుంది. 24 గంటల్లోపు, వీలైతే ఆరు గంటల్లోపే వేయాలి. చిల్లు పడిన అనుమానం ఉన్నా, ఎర్రగా ధారలా కారుతున్నా వేయకూడదు. ఆ మందు ఆసుపత్రి ఫార్మసీలో ముందురోజే ఉందో లేదో చూసుకోండి. ఆపరేషనయ్యాక కాకినాడలో షాపులన్నీ తిరిగేసరికి ఆ ఆరు గంటలూ అయిపోతాయి.

సీసా సంగతి దగ్గరగా చూద్దాం. థియేటరు తలుపు కొంచెం తెరుచుకుని సిస్టరు చేయి చాపుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో లేత గోధుమరంగు ముక్కలు. "బాబుగారూ, ఇది ల్యాబులో ఇచ్చేసి రండి." చేతిలో పెట్టుకుని పరుగెత్తకండి, అక్కడే నిలబడి నాలుగు సంగతులు చూడండి. లోపలున్నది ఫార్మలిన్ కావాలి, సెలైనూ కాదు, నీళ్ళూ కాదు, స్పిరిటూ కాదు. ఘాటైన వాసనే గుర్తు, మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకోవద్దు, అడిగితే చెబుతారు. సెలైన్‌లో ఉన్న ముక్క మన ఎండకి కొన్ని గంటల్లోనే కుళ్ళడం మొదలెడుతుంది. ఆ ద్రవం ముక్కకి పది రెట్లుండాలి. బజారులో దొరికే గాఢ ఫార్మలిన్ ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపితే 10 శాతం ఫార్మలిన్ అవుతుంది. బఫర్ కలిపినదైతే ఇంకా మంచిది. ముక్కలు డబ్బా నిండా కుక్కి, పైన ఒక చెంచా ద్రవం పోస్తే నడి ముక్కలకి అందదు. తర్వాత, డబ్బాలు ఎన్ని? గడ్డ పైభాగం ఒకటి, అడుగు కండ ఒకటి, మచ్చల నుంచి తీసినవి వేరే. అన్నీ కలిపి ఒకే డబ్బాలో వేస్తే ఏది అడుగో ల్యాబులో ఎవరికీ తెలియదు. చివరగా, పేరు, వయసు, తేదీ, ఏ చోటి ముక్క అన్నది డబ్బా ఒంటిమీద ఉండాలి. మూత మీద రాస్తే, మూత మారితే మనిషే మారిపోతాడు.

డబ్బాతో పాటు వెళ్ళే చీటీలో కెమెరాలో ఏం కనిపించిందో, ఇంతకుముందు బీసీజీ (ఈ క్యాన్సర్‌కి మూత్రాశయంలోకి పోసే మందు) గానీ రేడియేషన్ గానీ జరిగిందో రాయాలి. బీసీజీ వేయించుకున్నవారి మూత్రాశయంలో క్షయలో కనబడే గుళికల్లాంటివే కనబడతాయి. ఆ సంగతి తెలియని పాథాలజిస్టు క్షయ అనుకునే అవకాశం ఉంది.

రిపోర్టు సాధారణంగా వారం లోపు వస్తుంది. అందులో వెతకాల్సినవి: ఏ రకం క్యాన్సర్, లేతదా ముదురుదా, కింది పొరలోకి దిగిందా, కండ ముక్కలో ఉందా, ఉంటే అందులోకి దిగిందా, సీఐఎస్ ఉందా, రక్తనాళాల్లోకి చొరబడిందా. పదింట తొమ్మిది మూత్రాశయం లోపలి పొరలో పుట్టే యూరోథీలియల్ రకమే. దాని మీద ఇంకేదైనా ప్రత్యేక రకం పేరు రాసి ఉంటే, ఉదాహరణకి మైక్రోపాపిలరీ అని, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కండ గురించి ఒక్క మాటైనా లేని రిపోర్టు వస్తే వెనక్కి పంపండి, "మజిల్ ఉందో లేదో రాయించండి" అని. పాథాలజిస్టుకిది కొత్త కోరిక కాదు. పైపొరకీ అసలు కండకీ మధ్యనున్న పొరలో కూడా సన్న సన్న కండపోగులు ఉంటాయి, అసలు కండ లావు కట్టలుగా ఉంటుంది. ఆ రెండూ కలిసిపోకుండా రాయగల పాథాలజిస్టు మన జిల్లాలో దొరికితే ఆ ల్యాబు పేరు గుర్తుపెట్టుకోవాలి. అనుమానం ఉంటే స్లైడ్లు, ముక్కని దాచిన మైనం బిళ్ళలు (బ్లాకులు) అడిగి తీసుకుని విశాఖ అగనంపూడిలోని హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రిలాంటి పెద్ద చోట రెండో అభిప్రాయం తీసుకోవచ్చు. బిళ్ళల్లోని మైనం 60 డిగ్రీల లోపే కరుగుతుంది, ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి.

ఖర్చు గురించి క్లుప్తంగా. ఆసుపత్రి చెప్పే ప్యాకేజీలో మత్తు డాక్టరు ఫీజు, ముక్క పరీక్ష ఫీజు, మైటోమైసిన్ ఖరీదు కలిపి ఉన్నాయో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. చివర్లో పెరిగేది ఈ మూడే. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంటే అడ్వాన్సు కట్టకముందే ఆ ఆసుపత్రిలోని పథకం డెస్కులో అడగాలి. కట్టాక అడిగితే తిరిగి రాబట్టడం కష్టం.

ఇంటికొచ్చాక ఒకటి రెండు రోజులు మంట, లేత ఎరుపు మామూలే. రోజుకి రెండున్నర మూడు లీటర్ల నీళ్ళు తాగాలి, గుండె, కిడ్నీ జబ్బులవాళ్ళు డాక్టరు చెప్పినంతే. చలితో జ్వరం, గడ్డలు గడ్డలుగా రక్తం, ఒంటేలు పూర్తిగా ఆగిపోవడం, పొట్ట ఉబ్బి నొప్పి, ఈ నాలుగింటిలో ఏదొచ్చినా రాత్రయినా సరే బయల్దేరాలి. పది పన్నెండో రోజున లోపల పుండు పక్కు ఊడి మళ్ళీ కాస్త ఎర్రగా పడొచ్చు. ఆ వారంలో బరువులెత్తడం, మోటార్ సైకిల్ మీద గతుకుల్లో తిరగడం వద్దు.

ఈ జబ్బుకి మళ్ళీ మళ్ళీ పుట్టే గుణం ఉంది. మొదటి కెమెరా తనిఖీ మూడో నెలలో, ఏ రకమైనా సరే. తక్కువ ప్రమాదం రకానికి అది బాగుంటే ఏడాదికి, ఆపైన ఏటా అయిదేళ్ళు. ఎక్కువ ప్రమాదం రకానికి రెండేళ్ళపాటు మూడు నెలలకోసారి, తర్వాత అయిదేళ్ళ దాకా ఆరు నెలలకోసారి, ఆపైన ఏటా. నాట్లని, కోతలని, పెళ్ళిళ్ళని ఈ తారీఖులు జారిపోతుంటాయి. మంచి ఆసుపత్రులు డిశ్చార్జి కాగితం మీదే తర్వాతి తేదీ వేసి, ఆ వారంలో ఫోన్ చేస్తాయి. మిగతా చోట్ల తేదీ వేయించుకుని, పాత బొమ్మ, పాత ముక్క రిపోర్టు అదే ఫైల్లో పెట్టుకుని వెళ్ళడం మీ వంతు.